వీపు తిప్పినప్పుడు అన్న మాట

ఇప్పుడు మీరు చూసే ప్రేమ సినిమాలు, అవే, నవ్వించే రకం, నేనూ చూస్తాను. రిటైరైన మనిషికి అంతకన్నా పనేముంటుంది? మొదటి నుంచీ ఆమె, అతను ఒకరి మీద ఒకరు ఎగురుతూనే ఉంటారు. ఆమె మాట మీద మాట వేస్తుంది. అతను నోరు తెరిచేలోపు ఇంకో నాలుగు వచ్చి పడతాయి. చివరికి ఆమె ఇంకెవడితోనో పీటల మీద కూర్చోబోతుంటేనో, విడాకుల కాగితం మీద సంతకం పెట్టబోతుంటేనో ఇద్దరూ ఒకటైపోతారు. మా ఇంట్లో పిల్లలు పగలబడి నవ్వి, నిజంగా ఇట్లా ఎక్కడైనా అవుతుందా తాతా అని నన్ను ఆటపట్టిస్తారు.

అవుతుంది. నేను పనిచేసిన కార్ఖానాలోనే అయింది. దాన్ని ఒకతను సినిమా కోసం కెమెరాలో కూడా పట్టాడు. ఆ సినిమా మీరు చూడలేదు, చూడలేరు కూడా. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

సోలాపూర్‌లో చద్దర్లు నేసే మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. అది మొరాయిస్తే కిందికి దూరి బాగు చేసేవాడు జాబర్. నా బతుకంతా ఆ పనే. తొంభైల మొదట్లో నీలం నగర్ దగ్గర ఒక సేట్ కార్ఖానాలో ఉన్నాను. సాంచాలు నడుస్తుంటే లోపల ఎంత చప్పుడంటే, చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. గొంతు వాడకుండా పెదవులు మాత్రం కదుపుతారు. ఎదుటివాడు ఆ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. దానికి తోడు చేతులున్నాయి. పొట్ట నిమిరితే సేట్ వస్తున్నాడని, అరచెయ్యి సాసర్‌లా పట్టి నోటి దగ్గర పెడితే చాయ్ అని. ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నవాడితో ఇంటి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళం. ఈ విద్య ఒకసారి పట్టుబడితే మనిషికి సుఖం ఉండదు. బస్టాండులో దూరాన ఎవరో మన గురించి ఏమనుకుంటున్నారో కూడా తెలిసిపోతుంది.

ఆ కార్ఖానాలో ఒక మొగుడూ పెళ్ళాం పనిచేసేవాళ్ళు. ఆయన సాంచాలు నడిపేవాడు. ఆమె కండెలు చుట్టేది, అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టలు. ఆమె తాతముత్తాతలది తెలుగు నేల మీద మా ఊరి వైపు. అందుకని నన్ను అన్నా అని పిలిచేది. ఆమె అన్నా అంటే ఆయన బావా అనక తప్పదు కదా. అట్లా ఇద్దరూ నన్ను చెరో వైపు నుంచి గుంజేవాళ్ళు.

గుంజడం ఎందుకంటే, అప్పటికి కొన్ని నెలలుగా వాళ్ళు వేరుగా ఉంటున్నారు. కారణం చెబితే మీరు నవ్వుతారు. ఆమె బాగా మాట్లాడే మనిషి. నిద్ర లేస్తూనే మొదలుపెడితే రాత్రి దీపం ఆర్పేదాకా ఆగదు. ఆయనకు అది అలవాటే, నిజం చెప్పాలంటే ఇష్టమే. కానీ తన చెల్లెలి పెళ్లిలో, కొత్త వియ్యాలవాళ్ళు బంతిలో కూర్చుని తింటుంటే వాళ్ళను నవ్వించాలని బుద్ధి పుట్టింది. "మా ఇంట్ల ఒక సాంచా ఉన్నది. దానికి కరెంటు పోవుడు లేదు, సుట్టి లేదు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. ఆమె అప్పుడు అన్నం వడ్డిస్తూ ఉంది. వడ్డన పూర్తి చేసింది, అందరికీ మజ్జిగ కూడా పోసింది, ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మాటా మంతీ లేకుండా ఎన్నాళ్ళని ఉంటారు? కొన్నాళ్ళకు అక్కల్‌కోట్ రోడ్డు అవతల ఉన్న సొంత అన్న ఇంటికి వెళ్ళిపోయింది.

నేను మధ్యలో పడి చాలా తిరిగాను. నవ్వులాటకు అన్నాడులే, పోనీ అంటే ఆమె ఒకటే మాట పట్టుకుంది.

"నలుగుర్ల అన్నడు గదన్నా. నలుగుర్లనే తప్పైందనమను. గా పూటనే మూట సదురుకొని వస్త."

ఆయన దగ్గరికి వెళితే ఆయనదీ ఒకటే పాట. "ఇంట్ల అనమంటే కాళ్ళు వట్టుకొనైన అంట బావా. నలుగుర్ల ఎట్లంట? నాకు ఇజ్జత్ లేదా?"

ఇజ్జత్! నెలల తరబడి ఒక్కడే జొన్న రొట్టె కాల్చుకుని, శేంగా చట్నీ, అదే పల్లీల పొడి, అద్దుకుని తింటున్న మనిషికి ఆ పరువు ఎక్కడ మిగిలిందో నాకు అర్థం కాలేదు. ఆమె అన్న కోపిష్ఠి. విషయాన్ని కులపెద్దల దాకా తీసుకుపోయాడు. పెద్దలు ఇద్దర్నీ పిలిచి, కలిసుంటారా, తెంచుకుంటారా అని అడిగితే, ఇద్దరూ నేల చూస్తూ మీ ఇష్టం అన్నారు. వచ్చే సుట్టి రోజు, అంటే కార్ఖానా సెలవు నాడు, సాయంత్రం కూర్చుని తెగతెంపులు చేసేద్దామని ఖాయమైంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరంటే ఒకరికి ప్రాణమే. ఒక్క మాట అడ్డం పడి చెడిపోతున్నారు.

సరిగ్గా ఆ వారమే సినిమావాడు వచ్చాడు.

అతనూ మన సోలాపూర్ వాడే. తండ్రి చద్దర్లు నేసినవాడు. కానీ కొడుకును సాంచా నీడ కూడా తగలనివ్వకుండా పుణెలో చదివించాడు. అతను అక్కడ పాత విదేశీ సినిమాలు, ఆ నలుపు తెలుపు హాస్యాలు, చూసీ చూసీ పిచ్చెక్కించుకున్నాడు. బొంబాయిలో ఎవరెవరి దగ్గరో పనిచేసి, ఇక సొంతంగా వీడియో మీద ఒక ప్రేమ సినిమా తీస్తానని వచ్చాడు. నన్ను మామా అని పిలిచేవాడు. ఆ పాత సినిమాల గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం సంగతి మరిచిపోయేవాడు. గొప్పింటి పిల్ల పెళ్లి తప్పించుకుని పారిపోతుందట. జేబులో పైసా లేని మగవాడికి తగులుకుంటుందట. ఇద్దరూ బస్సులోనో చెట్టు కిందో కొట్లాడుకుంటూనే దగ్గరవుతారట. ఇంకొన్నింట్లో విడాకులు తీసుకోబోయే మొగుడూ పెళ్ళాలే మళ్ళీ ప్రేమలో పడతారట. ముద్దుముచ్చట్లు ఉండవు, మాటలే అసలు ప్రేమ అనేవాడు. ఎంత గబగబా మాట్లాడితే అంత ప్రేమ అన్నమాట.

అతని కథలో సేట్ కూతురు నిశ్చితార్థం నుంచి పారిపోయి, ఒక కార్ఖానాలో కండెలు చుట్టే మనిషిగా దాక్కుంటుంది. అక్కడి జాబర్‌తో కొట్లాడి, కొట్లాడి, అతన్నే కోరుకుంటుంది. హీరో జాబర్ అనేసరికి నేను కొంచెం మెత్తబడ్డాను, అబద్ధమెందుకు. మా సేట్ ఇంకో రకంగా మెత్తబడ్డాడు. తన కార్ఖానా చద్దరు ప్రతి సీనులో కనబడాలని షరతు పెట్టాడు. పారిపోయే పిల్ల కూడా చద్దరు కప్పుకునే పారిపోవాలన్నాడు. ఎండాకాలం కదా సేట్ అని నేనంటే నన్ను కసిరాడు.

మొదటి రోజు షూటింగ్ మీరు చూసి ఉండాల్సింది. పుణె నాటకాల నుంచి తెచ్చిన హీరో, హీరోయిన్ సాంచాల మధ్య నిలబడ్డారు. ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆమె చెవుల్లో దూది పెట్టుకుంది, ఇంకా వినబడలేదు. ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. అరిచేవాడు గబగబా మాట్లాడలేడు, ఒక్కో ముక్కా విడదీసి పలకాలి. తుపాకి గుళ్ళలా రావాల్సిన మాటలు ఎడ్లబండిలా వచ్చాయి. సాంచాలు ఆపి తీసుకోమంటే నడిచే సాంచాలే కావాలంటాడు. మధ్యాహ్నానికి అతను నూలు బస్తా మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నాకేమో నడవాల్సిన సాంచాలు వీళ్ళ కోసం మాటిమాటికీ ఆపుతున్నారని ఒళ్ళు మండుతోంది.

అప్పుడే నన్ను అన్నా అనే ఆ చెల్లె కండెల బుట్ట పట్టుకుని ఆయన సాంచా దగ్గరికి వచ్చింది. ఇంటి మాటలు బందైనా పని మాటలు తప్పవు కదా. సగం నూలు ఉండగానే కండె తీసి పారేస్తాడని ఆమెకు ఎప్పటి నుంచో మంట. ఇక అందుకుంది. కండె ఆయన ముక్కు ముందు ఆడించి, ఇంత నూలు నీ అత్తగారు పంపిందనుకున్నావా అని మొదలుపెట్టింది. నీ చేతులకు బుద్ధి లేదు, నీ కళ్ళకు సిగ్గు లేదు అంటూ ఆపకుండా దులిపేసింది. ఆయన కూడా తక్కువ తినలేదు. నువ్వు చుట్టిన కండె వదులు, అది నాడెలో నిలవదు అని ఒకటికి రెండు అప్పగించాడు. గొంతు లేదు. పెదవులు, చేతులు, కనుబొమలు మాత్రమే. ఆ వేగానికి చూసేవాళ్ళ మెడలు అటూ ఇటూ తిరగాల్సిందే.

సినిమావాడు బస్తా మీద నుంచి లేచి నిలబడ్డాడు. నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. ఇదే మామా, నేను వెతికేది ఇదే, వీళ్ళనే తీస్తాను అన్నాడు. వాళ్ళిద్దరి సంగతి అతనికి తెలియదు. నేను చెప్పబోతే వినలేదు. బయటికి పిలిచి బతిమాలాడు. మీరు రోజూ ఎట్లా కొట్లాడతారో అట్లాగే కొట్లాడండి, నోట్లో ఏదో ఒకటి అనుకోండి, మాటలు నేను తర్వాత బొంబాయిలో వేరేవాళ్ళ గొంతుతో పెట్టిస్తాను అన్నాడు.

నోటికొచ్చింది అనుకోండి, పర్వాలేదు! నేసేవాళ్ళ ఇలాకాలో పుట్టిన మనిషి అనాల్సిన మాటేనా అది? మా దగ్గర పెదవి కదిలిందంటే మాట బయటపడ్డట్టే. కానీ అతను సాంచా నీడ తగలకుండా పెరిగాడు కదా. పెదవులు చదవడం అతనికి రాదు, బొంబాయి నుంచి వచ్చిన కెమెరావాడికి అసలే రాదు.

ఆమె ఒప్పుకుంది. తిట్టడానికి కూలి ఇస్తుంటే ఎవరు వద్దంటారు అంది. ఆమె ఒప్పుకుందని ఆయన ఒప్పుకున్నాడు. మర్నాడు తీశారు. కెమెరాకు అడ్డం అని మిగతా పనివాళ్ళందర్నీ అవతలి వరసకు పంపారు. నేను పక్కనే ఉన్నాను కానీ, ఒక సాంచాను తిప్పే పటకా, అంటే బెల్టు, తెగితే దాని కిందికి దూరి ఉన్నాను. ఆమె తిట్టవలసినంత తిట్టి, వీపు తిప్పి వెళ్ళిపోవడం మాత్రం కింద నుంచి ఆమె కాళ్ళను బట్టి తెలిసింది. ఆ తర్వాత ఆయన ఏం చేశాడో నేను చూడలేదు. పెదవులు చదివేవాళ్ళెవరూ చూడలేదు. కెమెరా మాత్రం చూసింది.

సుట్టి రోజు మధ్యాహ్నం, తీసినంత వరకు అందరికీ చూపిస్తానని అతను వార్పు, అంటే పడుగు నూలు, చుట్టే గదిలో టీవీ, వీసీఆర్ పెట్టించాడు. అదే సాయంత్రం పెద్దలు కూర్చునేది. ఆమె అన్న వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఇది అయిపోగానే చెల్లెల్ని తీసుకుపోదామని. పెద్దల్లో ఒకాయన ముసలి నేతగాడు, మా కార్ఖానాలోనే పనిచేసి మానేశాడు. ఆయనా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఒక పక్కన, ఒళ్ళో బీడీల చాటలు పెట్టుకుని. సుట్టి మాకు గానీ బీడీలకు సుట్టి ఎక్కడిది? కళ్ళు టీవీ మీద, చేతులు ఆకు మీద.

పుణె వాళ్ళ అరుపులు వచ్చినంత సేపూ అందరూ ఆవలించారు. తర్వాత మనవాళ్ళిద్దరూ తెర మీదికి వచ్చారు. టీవీలో సాంచాల హోరు తప్ప ఒక్క మాట లేదు. అయినా గది గదంతా పడీ పడీ నవ్వింది. ఆమె "నీ కళ్ళకు సిగ్గు లేదు" అన్నచోట పక్కనున్న ఆడవాళ్ళు ఆమె వీపు మీద చరిచారు. సినిమావాడికి సంతోషంతో కాళ్ళు నిలవడం లేదు. కానీ తాను మాటలే పెట్టని సీనుకు వీళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక నా ముఖం చూస్తున్నాడు.

తెర మీద ఆమె వీపు తిప్పి వెళ్ళిపోయింది. ఆయన ఒక్కడే మిగిలాడు. చేతిలో ఆ సగం కండె ఉంది. ఆమె వెళ్ళిన వైపే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి.

"సాంచా అంటి గద నిన్ను. సాంచా బందైతే నేసెటోని బతుకేందే? తప్పైందే. నువ్ మాట్లాడకుంటే ఇంట్లకు పోబుద్ధైత లేదు."

గదిలో నవ్వు ఆగిపోయింది. చాటల్లో చేతులు ఆగిపోయాయి. నేను జాబర్ని, ఎన్నో సాంచాలు ఒక్కసారే ఆగిపోగా విన్నవాణ్ణి. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఆయన వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన మాట తెర మీద చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. ఎవరి వైపూ చూడకుండా తలుపు దగ్గరున్న ఆమె అన్నను తప్పించుకుని బయటికి నడిచాడు. ఆమె కదల్లేదు. "మల్లొక్కసారి ఎయ్" అంది. సినిమావాడు టేపు వెనక్కి తిప్పి వేశాడు. అది అయిపోయాక మళ్ళీ వెయ్యమంది. మూడోసారి అయ్యాక చాట పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. తలుపు దగ్గర అన్న ఏదో అనబోతే, కుర్చీలో ఉన్న పెద్దమనిషి చెయ్యెత్తి ఆపాడు.

"నలుగుర్ల అనమన్నది. నలుగుర్ల వడ్డది మాట. ఇగ పంచాయితి ఎందుకు? పోనియ్యి పిల్లను."

ఆమె బయటికి వెళ్ళగానే మేమంతా కిటికీకి ఎగబడ్డాం. మర్యాద కాదని తెలుసు. మా అలవాటు అది. ఆయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఆటోలు, సిటీ బస్సులు పోతున్నాయి. ఆమె ఆయన ముందు నిలబడింది, మాకు వీపు పెట్టి. ఏం మాట్లాడిందో మాకు తెలియదు. నెలల తరబడి దాచిపెట్టిన మాటలన్నీ ఆ రోడ్డు మీదే ఒలకబోసిందని మాత్రం ఊపుతున్న చేతుల్ని బట్టి అర్థమైంది. ఆయన పెదవులు మాకు కనబడుతూనే ఉన్నాయి. వాటి మీద ఒకటే మాట. సరే. సరే. సరేనే. చాలాసేపు చూసి మాకే కాళ్ళు నొప్పి పుట్టి కిటికీ వదిలిపెట్టాం.

గదిలో సినిమావాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమన్నాడు మామా అతను, అని అడిగాడు. చెప్పాను. వాళ్ళ కథ కూడా మొదటి నుంచీ చెప్పాను. అతను అంతా విని, టీవీ పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "పాత సిన్మాలల్ల దీన్నే వెతికిన మామా. నా ముందటనే ఐతే గుర్తు పట్టలే" అన్నాడు.

మర్నాడు ఆమె దగ్గరికి వెళ్ళి, ఆ మాటలనే సినిమాలో పెడతానని, సినిమా చివర అదేనని బతిమాలాడు. ఆమె నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని జవాబు చెప్పింది.

"నేను తిట్టినయి పెట్టుకో తమ్మీ, ఊరంత నవ్వనియ్యి. గా మాట మాత్రం తీసెయ్యి. నలుగుర్ల అనమన్న, అన్నడు. ఆ నలుగురు సాలు నాకు."

నేను అతని తరఫున మాట్లాడదామనుకున్నాను. చద్దర్ల మధ్య ఎంత కష్టపడ్డాడో చూశాను కదా. కానీ ఆమె ముఖం చూశాక మానుకున్నాను. అతను మంచివాడు. టేపులో ఆ ముక్క తన దగ్గర ఉంచుకోకుండా అసలు క్యాసెట్టే ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత పుణె వాళ్ళతో, సాంచాలు ఆపి, అదే సీను తీయాలని చూశాడు. రాలేదు. మాటలు మంచివే, నటులూ మంచివాళ్ళే, అయినా రాలేదు. ఆ సినిమా అక్కడే ఆగిపోయింది. మా సేట్ చద్దర్లు లోకానికి కనబడనే లేదు. ఆ బాధ ఆయన పోయేదాకా నన్ను తిట్టి తీర్చుకున్నాడు. సినిమావాడు ఇప్పుడు సీరియల్స్ తీస్తాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి వాళ్ళు బాగున్నారా అని అడుగుతాడు.

బాగున్నారు. మొన్న నేనే వెళ్ళి వచ్చాను. ఇప్పుడు హోట్గి రోడ్డు వైపు కొడుకు ఇంట్లో ఉంటున్నారు. క్యాసెట్ దేవుడి గూట్లో ఉంది. దాన్ని వేసి చూసుకునే మెషిన్ మా ఎవరి దగ్గరా లేదు. ఆయనకు చెవులు పూర్తిగా పోయాయి. సాంచాల దగ్గర బతికినవాళ్ళకు చివరికి దక్కేది అదే, నాకూ సగం పోయాయి. అందుకని ఆమె ఇంట్లో కూడా గొంతు వాడడం మానేసింది. ఆయన ఎదురుగా కూర్చుని పెదవులతోనే మాట్లాడుతుంది. కూరలో ఉప్పు, కోడలు, కరెంటు బిల్లు, నాటి వియ్యాలవాళ్ళు, అన్నీ. చప్పుడు లేదు గానీ ఆగడం మాత్రం లేదు. నేను చాయ్ తాగినంత సేపూ చూస్తూనే ఉన్నాను.

మాటల మధ్య సందు చూసి ఆయన ముఖం ఆమెకు కనబడకుండా నా వైపు తిప్పి, "సాంచా నడుస్తున్నది బావా" అని పెదవులు కదిపాడు. ముసలి కళ్ళలో ఎంత గర్వమో.

ఏమన్నాడన్నా అని ఆమె నన్ను గట్టిగా అడిగింది. చెప్పాను. ఆమె నవ్వి ఏదో అంది. ఈసారి ఆమె నా వైపు తిరిగి ఉండడంతో ఆయనకు పెదవులు కనబడలేదు, ఏమన్నది బావా అని నన్ను అడిగాడు.

నేను చెప్పలేదు. ఇక ఈ ఇద్దరి మధ్య నాకేం పని? ఆమె వైపు చెయ్యి చూపించాను. ఆయన తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.